స్తంభం పక్కన నాన్న

ఆదివారం. పొద్దుటి నుంచి ఉక్క. సముద్రం ఇంత దగ్గరలో ఉన్నా, మా వీధిలోకి రావడానికి గాలి సాయంత్రం దాకా మొహమాటపడుతుంది.

పదింటికి దాబాగార్డెన్స్ వెళ్లి క్యాసెట్లు తెచ్చుకున్నాను. 1995లో జరిగిన మా పెళ్లి వీడియో. మొత్తం మూడు. మిక్సింగ్ చేసి, పాటలు కలిపి ఇచ్చిన క్యాసెట్టు ఒకటి. అది మా బంధువులందరికీ కంఠస్థం. మిగతా రెండూ తీసింది తీసినట్టుగా ఉన్నవి. వీడియో తీసినాయన వాటిని కూడా ఎందుకిచ్చేశాడో గుర్తు లేదు కానీ, ఇన్నేళ్లూ బీరువా అడుగున పడి ఉన్నాయి. ఈ ఊళ్లో ఇనుముకు తుప్పు, క్యాసెట్టుకు బూజు తప్పవు. దుకాణం అబ్బాయి రెండు వారాలు తంటాలు పడి, తుడిచి, ఆరబెట్టి, అంతా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. "ఆ జూములు చూసి నా తల తిరిగిందండీ" అన్నాడు డబ్బు తీసుకుంటూ.

అతని తప్పేమీ లేదు. ఆ రోజుల్లో పెళ్లి వీడియో తీసేవాళ్లకు జూమ్ అంటే కొత్త అల్లుడికి అత్తవారిచ్చిన స్కూటరు. పని ఉన్నా లేకపోయినా వీధి చివరిదాకా వెళ్లి రావలసిందే. జీలకర్ర బెల్లం దగ్గర ముందుకు, తలంబ్రాల దగ్గర వెనక్కి, మా పెద్దత్త వడ్డాణం మీదికి ఒకసారి, లడ్డూల బుట్ట మీదికి రెండుసార్లు.

జూమ్ అంటే నాకు చాలాకాలం చిన్నచూపు ఉండేది. కాలేజీ రోజుల్లో ఫిల్మ్ సొసైటీ ప్రదర్శనలకు వెళ్లొచ్చిన గర్వం అది. కెమెరా ట్రాలీ మీద ముందుకు కదిలితే దాంతోపాటు మనమూ నడుస్తాం. జూమ్‌లో అలా కాదు. మనం కూర్చున్నచోటే ఉంటాం, మనిషిని ఎవరో లాక్కొచ్చి మన ముఖం ముందు నిలబెడతారు. ఇది ఉత్త భావుకత కాదు, లెన్సు పనిచేసే తీరే అంత. జూమ్ చేసినప్పుడు కెమెరా కదలదు, లెన్సు లోపలి అద్దాలే జరుగుతాయి. అందుకని దగ్గరిదీ దూరానిదీ ఒకే లెక్కన పెద్దవవుతాయి. అదే నడిచి వెళ్తే దగ్గరున్నది గబగబా పెరుగుతుంది, వెనకాల ఎక్కడో ఉన్నది దాదాపు ఉన్నంతే ఉండిపోతుంది.

పోయిన వారం ఆర్కే బీచ్‌లో దీన్ని కళ్లారా చూశాను. పెళ్లికి ముందు ఫొటోలు తీయించుకుంటున్న జంట ఒకటి జలాంతర్గామి మ్యూజియం దగ్గర, ఎండలో, పాపం సూటులో. ఫొటోగ్రాఫర్ మాత్రం పొడుగు లెన్సు పట్టుకుని కాళీమాత గుడి వైపు ఎంతో దూరం నడిచి వెళ్లి అక్కణ్ణుంచి తీస్తున్నాడు. అటుగా వెళ్తూ అతని కెమెరా తెరలోకి తొంగి చూశాను (ఈ అలవాటు మా ఆయనకు నచ్చదు). రేవులోకి పిలుపు కోసం సముద్రంలో లంగరు వేసుకుని ఉన్న ఓడ, నా ఫోనులో నువ్వుగింజంత ఉండేది, ఇక్కడ పెళ్లికొడుకు భుజం వెనక అపార్టుమెంటులా నిలబడింది. అందులో మోసమేమీ లేదు. అంత దూరంలో నిలబడి చూస్తే ఆ జంటా ఆ ఓడా ఎవరి కంటికైనా అదే నిష్పత్తిలో కనిపిస్తాయి. మనం అంత దూరం వెళ్లి చూడం, అంతే.

నా గర్వానికి మొదటి దెబ్బ సత్యజిత్ రాయ్ 'చారులత' (1964) తో తగిలింది. మొదట్లోనే ఒక ఘట్టం ఉంది. భర్త పుస్తకంలో తలదూర్చి, భార్య అక్కడ నిలబడి ఉందని కూడా గమనించకుండా ఆమె పక్క నుంచే వెళ్లిపోతాడు. ఆమె చేతిలోని చిన్న దుర్భిణి ఎత్తి, వెళ్లిపోతున్న అతణ్ణి చూస్తుంది. అద్దంలో మనిషి దగ్గరగానే ఉన్నాడు. చేయి దించుతుంది. ఆ క్షణంలో కెమెరా జూమ్‌తో చటుక్కున వెనక్కి జారుతుంది. అక్కడ ట్రాలీ వేసి ఉంటే కెమెరా నడిచి వెళ్లిపోయినట్టుండేది. ఆమె కదల్లేదు, అతడూ ఇల్లు దాటలేదు, అయినా దూరం పెరిగింది. దాన్ని జూమ్ తప్ప ఇంకేదీ చూపించలేదు. ఆ రోజు నుంచి జూమ్‌ను తిట్టడం తగ్గించాను. పెళ్లి వీడియోల జూమ్‌ను మాత్రం క్షమించలేదు.

భోజనాలయ్యాక నాన్ననీ అమ్మనీ టీవీ ముందు కూర్చోబెట్టాను. ముందు మిక్సింగ్ క్యాసెట్టు. మహారాణిపేటలో కళ్యాణమండపం, తెల్లవారుజామున అప్పగింతలు. పాలలో ముంచిన నా చేతులు అత్తగారి చేతుల్లో. అమ్మ ఏడుపు, పిన్ని ఏడుపు, కాటుక చెదిరిన నా ముఖం. ఆ వెంటనే నాన్న షాట్.

మండపం మీద నుంచి ఖాళీ కుర్చీల వరసలు దాటుకుంటూ జూమ్ వెళ్లి, హాలు చివర స్తంభం పక్కన ఒంటరిగా నిలబడ్డ నాన్న మీద ఆగుతుంది. లైటు పట్టుకునే కుర్రాడు తీగ చాలక మండపం దగ్గరే ఉండిపోయినట్టున్నాడు, బొమ్మంతా మసక, చుక్కలు చుక్కలు. తల నుంచి గుండెల దాకానే కనిపిస్తారు. తల వంచుకుని ఉన్నారు. పెదవులు సన్నగా కదులుతున్నాయి. వెనక వయొలిన్ ఏడుస్తోంది.

ఏడవడానికి కూడా చాటుకు వెళ్లిన మనిషి మా నాన్న అని ఎంతమందికి చెప్పానో! ఆయన మీద కోపం వచ్చిన ప్రతిసారీ ఈ షాటే అడ్డుపడేది. నా పెళ్లయ్యాక ఆయన రాసిన ఉత్తరాలన్నీ కలిపినా నాకు ఇంత చెప్పలేదు. ఆ ఉత్తరాల్లో ఉండేవి గ్యాసు సిలిండరు, వానలు, క్షేమం.

తర్వాత రెండో క్యాసెట్టు, కత్తెర పడనిది. అదే హాలు, అదే స్తంభం, అదే జూమ్. వయొలిన్ లేదు, గిన్నెలు కడుగుతున్న చప్పుడు ఉంది. జూమ్ అక్కడ కాసేపు ఆగి మెల్లగా వెనక్కి రావడం మొదలుపెట్టింది. వెనక్కి రావడం మిక్సింగ్‌లో లేదు. మొదటిసారి నాన్న చేతులు కనిపించాయి. చేతుల్లో నోట్ల కట్ట. పక్కన భుజాన తువ్వాలుతో వంటమేస్త్రి, ఓపిగ్గా.

నాన్న డబ్బు లెక్కపెడుతున్నారు.

కడుపు పట్టుకుని నవ్వాను. "ఏడుస్తున్నావనుకున్నాను నాన్నా, ఇన్నేళ్లూ!" అన్నాను.

"ఏడవడానికి తీరిక ఎక్కడిది? రెండో బంతిలో నలభై విస్తళ్లు ఎక్కువ లేచాయి" అన్నారు. ఆ నలభై మంది మీద ఆయనకు ఇంకా కోపం పోలేదు.

లెవ్ కులెషోవ్ అనే రష్యన్ దర్శకుడు దాదాపు వందేళ్ల కిందట చేసిన ప్రయోగం గుర్తొచ్చింది. మొజ్జుఖిన్ అనే నటుడి ముఖం, ఏ భావమూ లేని ఒకే షాట్. దాన్ని ఒకసారి సూపు గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన, ఒకసారి ఒక స్త్రీ పక్కన అతికించాడు. చూసినవాళ్లు ఆ ముఖంలో ఒకచోట ఆకలి, ఒకచోట దుఃఖం, ఒకచోట కోరిక చదువుకుని, ఎంత బాగా నటించాడని మెచ్చుకున్నారట. మా మిక్సింగ్ ఆయన కులెషోవ్ పేరు విని ఉండడు, కానీ నా కన్నీళ్ల పక్కన ఏ ముఖం అతికించాలో, ఎక్కడ కోయాలో బాగా తెలుసు. ఇంకొకటి కూడా తోచింది. ఆ వీడియో ఆయన లైటు వెంటబెట్టుకుని నాన్న దగ్గరికి నడిచి వెళ్లి ఉంటే, నాన్న నోట్లు జేబులో కుక్కి, కండువా సర్దుకుని, ఫొటోకు నిలబడ్డట్టు నిలబడేవారు. అప్పుడు ఏడుపూ ఉండేది కాదు, లెక్కా ఉండేది కాదు.

అమ్మ టీ గ్లాసులు పెడుతూ, "ఏం లెక్కో! మేస్త్రికి రెండు వందలు ఎక్కువిచ్చారు. మర్నాడు పాపం అతనే వచ్చి తిరిగిచ్చి వెళ్లాడు" అంది.

"కొత్త నోట్లు, అతుక్కుపోయాయి" అన్నారు నాన్న, టీవీ వైపు చూస్తూనే.

రాత్రి అందరూ పడుకున్నాక ఆ ముక్క ఇంకోసారి పెట్టుకున్నాను. జూమ్ వెనక్కి వస్తూ ఉండగా, చేతులు కనిపించిన తర్వాత, నాన్న ఒకసారి తలెత్తి మండపం వైపు చూస్తారు. మళ్లీ తల దించుతారు. బొటనవేలు మొదటి నోటు దగ్గరికి వెళ్తుంది.