టెక్సాస్ గన్ లైసెన్స్ క్లాసు: నన్ను అడిగే ప్రశ్న పోలీసును అడగరా?

టెక్సాస్‌లో 2021 సెప్టెంబరు నుంచి, నేరచరిత్ర లాంటి అడ్డంకులు లేకపోతే, 21 ఏళ్లు నిండినవాళ్లు లైసెన్స్ లేకుండానే పిస్టల్ వెంట పెట్టుకోవచ్చు. అయినా నేను లైసెన్స్ తీసుకున్నాను, వేరే రాష్ట్రాలకు వెళ్లినప్పుడు పనికొస్తుందని. ఆన్‌లైన్ దరఖాస్తు, 40 డాలర్ల ఫీజు, వేలిముద్రలు ఇట్టే అయిపోయాయి.

క్లాసు చెప్పింది ఒక రిటైర్డ్ పోలీసు. గన్ గురించి తక్కువ, ఎప్పుడు కాల్చకూడదో ఎక్కువ చెప్పారు. ఆత్మరక్షణకు ఎప్పుడు కాల్చవచ్చో చెప్పే టెక్సాస్ పీనల్ కోడ్ (శిక్షాస్మృతి) తొమ్మిదో అధ్యాయం స్క్రీన్ మీద పెట్టి ఒక్కో షరతూ విడమర్చారు. ఆ క్షణంలో కాల్చక తప్పదని నమ్మాలి, ఆ నమ్మకం సబబుగా ఉండాలి. పారిపోవాల్సిన పని లేదు, కానీ గొడవను మనం రెచ్చగొట్టి ఉండకూడదు. "కాల్చిన క్షణం ఒక్కటే చూడరు. అంతకుముందు ఏమన్నావు, కారెందుకు దిగావు, అన్నీ అడుగుతారు" అన్నారాయన.

మరి పోలీసులనో? అని వెనకనుంచి ఎవరో అడిగారు. అక్కడున్న అధికారి కళ్లతో చూడాలి, తర్వాత తీరిగ్గా కూర్చుని తప్పులెంచకూడదని పోలీసుల బలప్రయోగం మీద 1989లో వచ్చిన గ్రాహం కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పిందని ఊరుకున్నారు. నాకది చాల్లేదు. ఇంటికొచ్చి బార్న్స్ వర్సెస్ ఫెలిక్స్ తీర్పు చదివాను. 2016లో హ్యూస్టన్ దగ్గర టోల్ బకాయిలున్న కారును పోలీసు ఆపాడు. కారు కదిలేసరికి దాని డోరు కింది అంచు మీదికి తనే ఎక్కి, డ్రైవర్‌ను కాల్చేశాడు. కింది కోర్టులు చివరి రెండు సెకన్లే లెక్కలోకి తీసుకున్నాయి. ఎందుకెక్కావని అడగనే లేదు! అలా కాదు, మొత్తం పరిస్థితి చూడాలని సుప్రీంకోర్టు 2025లో గానీ తేల్చలేదు.

పోలీసు ప్రమాదానికి ఎదురెళ్లాలి, నిజమే. అంతమాత్రాన ముందు ఏం చేశాడో అడగకుండా వదిలేస్తే ఎలా?

షూటింగ్ పరీక్షలో 50 రౌండ్లు. 3, 7, 15 గజాల దూరం నుంచి కాల్చి 250కి 175 తెచ్చుకోవాలి. కదలని కాగితం మీద కూడా 15 గజాల దగ్గర నా గుళ్లు చెదిరిపోయాయి. కళ్ల ముందు మనిషి ఉంటే నా సంగతేంటి? అలాంటి టెన్షన్‌లో ఎలా ఉండాలో శిక్షణ పొందింది పోలీసు. కంగారుపడ్డాడని మినహాయింపు దొరికేదీ ఆయనకే.

పాసయ్యాను, కార్డు పోస్టులో వచ్చింది. కాలిఫోర్నియా, న్యూయార్క్‌లలో అది చెల్లదు. మా మాస్టారికి మాత్రం 2004 నాటి ఫెడరల్ చట్టం ఉంది. పదేళ్ల సర్వీసు ఉండి, ఏడాదికోసారి షూటింగ్ పరీక్ష పాసైతే రిటైరయ్యాక కూడా దాదాపు దేశమంతా గన్‌తో తిరగొచ్చు.