గేర్‌బాక్స్ దించకుండానే లీకు దొరికింది

ఒంగోలులో మా ఇంటి ముందు కారు నిలిపే చోట చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ముక్కలు పరిచి ఉన్నాయి. పాలిషింగ్ యూనిట్లలో మిగిలిన ముక్కలు చవకగా వస్తాయి, చూడటానికీ బాగుంటాయి. కానీ ఆ నల్లరాయి మీద నూనె చుక్క పడితే ఎవరి కంటికీ ఆనదు. అందువల్ల మా ఆటోమేటిక్ కారుకు లీకు ఉందన్న సంగతి గేరు మొరాయించాకే నాకు తెలిసింది.

పొద్దున్నే బడికి బయలుదేరుతూ లీవరు రివర్సులో వేస్తే బండి వెంటనే కదిలేది కాదు. కాసేపు ఊరకే ఉండి, తర్వాత ఒక కుదుపుతో పట్టుకునేది. ఇంజను వేడెక్కాక మామూలుగానే నడిచేది. ఆటోమేటిక్ గేర్‌బాక్సులో ఆయిలు గేర్లు అరగకుండా చూడటంతో సరిపెట్టుకోదు, లోపలి క్లచ్‌లను బిగించే ఒత్తిడి కూడా దానిదే. మట్టం తగ్గితే పంపు గాలిని పీలుస్తుంది, క్లచ్ పట్టడం ఆలస్యమవుతుంది. చల్లగా ఉన్నప్పుడు ఆయిలు పరిమాణం ఇంకా తక్కువ కాబట్టి ఇబ్బంది పొద్దునపూటే ఎక్కువ.

పాత అట్టపెట్టె విప్పి రాత్రి కారు కింద పరిచాను. తెల్లవారేసరికి ఎడమ ముందు చక్రానికి కాస్త లోపలగా ముదురు ఎరుపు మరకలు కనిపించాయి. ఇంజను ఆయిలు అయితే తేనె రంగులోనో నల్లగానో ఉండేది. ఏసీ నీళ్లయితే ఆరిపోయేవి. చిక్కంతా కూలెంట్‌తోనే, ఎందుకంటే కొన్ని కార్లలో అదీ ఎర్రగానో గులాబీ రంగులోనో ఉంటుంది. గ్లాసు నీళ్లలో ఒక చుక్క వేసి చూశాను. కూలెంట్ అయితే నీటిలో కలిసిపోవాలి, ఇది పైన తేలింది. పవర్ స్టీరింగ్‌లో కూడా ఎర్ర ఆయిలు వాడే కార్లున్నాయి గానీ మా కారు స్టీరింగు కరెంటు మోటారుతో పనిచేసేది. ఇక మిగిలింది గేర్‌బాక్స్ ఆయిలే.

మొదట చూపించిన షెడ్డులో కారును పైకి లేపి, టార్చి వేసి, రెండు నిమిషాల్లో తేల్చేశారు. ఇంజను, గేర్‌బాక్స్ కలిసే బెల్ హౌసింగ్ అడుగున తడి ఉంది కాబట్టి లోపల టార్క్ కన్వర్టర్ (ఇంజను తిప్పే బలాన్ని ఆయిలు ద్వారా గేర్‌బాక్సుకు అందించే భాగం) సీలు పోయిందట, గేర్‌బాక్స్ మొత్తం దించాలట. ఆ సీలు పోతే ఆయిలు అక్కడే కారుతుంది, నిజమే. కానీ పైన ఎక్కడ కారినా కిందికి జారి చేరేదీ అక్కడికే. తుడిచి చూడకుండా అంత పెద్ద మాట ఎలా అనగలిగారో నాకు అంతుపట్టలేదు. ఆలోచించుకుని వస్తానని చెప్పి బయటపడ్డాను.

మేస్త్రి పెద్దాయన ఒకరు ఆటోమేటిక్ బండ్లు బాగా చూస్తారని మా మరిది చెప్పాడు. "వదినా, నువ్వు నడపవద్దు, నేను తాడు కట్టి లాక్కొస్తాను" అన్నాడు. ఫోనులో ఆ మాట విన్న మేస్త్రి కేకేసినంత పని చేశారు. ముందు చక్రాలతో నడిచే ఆటోమేటిక్ బండిని ఆ చక్రాలు నేల మీద ఉంచి లాగకూడదు. ఇంజను ఆగి ఉంటే ఆయిలు పంపు తిరగదు, చక్రాలతోపాటు లోపలి భాగాలు ఆయిలు అందక పొడిగానే తిరిగి పాడవుతాయి. చివరికి కారును వ్యాను మీద ఎక్కించి తీసుకెళ్లాం.

ఆయన మొదట ఇంజను కింది ప్లాస్టిక్ కవరు విప్పించారు. నేను రోజూ వెళ్లేది చీమకుర్తి దారిలో, గ్రానైట్ లారీల వెనకే. ఆ రాతి పొడి, కారిన నూనె కలిసి కవరు మీద రుబ్బిన పిండిలా పేరుకుపోయి ఉన్నాయి. "ఈ కవరు ఉన్నంతసేపూ చుక్క ఎక్కడ పడిందని చూడటం వృథా మేడం. ఆయిలు ఒక మూల కారి ఇంకో మూల నుంచి దిగుతుంది" అన్నారు. పైగా బండి పరుగెత్తేటప్పుడు గాలి తడిని వెనక్కి నెడుతుంది. కాబట్టి తడి మొత్తంలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఉన్న చోటును వెతకాలన్నది ఆయన లెక్క.

చుక్క ఎప్పుడు పడుతోందని కూడా అడిగారు. ఛాంబరు (గేర్‌బాక్స్ అడుగున ఆయిలు నిలిచే తొట్టి) గ్యాస్కెట్, డ్రెయిన్ బోల్టు వాషరు ఆయిలు మట్టానికి కిందే ఉంటాయి కాబట్టి అవి పోతే బండి ఆగి ఉన్నా రాత్రంతా కారుతూనే ఉంటాయి. ఆయిలును చల్లబరిచే కూలర్ పైపుల్లో అది ఒత్తిడితో పారేది ఇంజను నడుస్తున్నప్పుడే. అట్ట పరిచిన మరుసటి రాత్రే దాన్ని నేను గంట గంటకూ చూసి ఉన్నాను. మరకలన్నీ కారు ఆపిన కొద్దిసేపటిలోనే పడ్డాయి, ఆ తర్వాత పెరగలేదు. అది చెప్పగానే ఆయన ఒకటే మాట అన్నారు: "అయితే గేర్‌బాక్సు జోలికి ఇప్పుడే పోవద్దు."

జిడ్డు వదిలించే ద్రావకంతో అడుగంతా కడిగి, గుడ్డతో తుడిచి, గాలి కొట్టి ఆరబెట్టారు. ప్రెజర్ నీళ్లు కొట్టనివ్వలేదు, వైర్ల కనెక్టర్లలోకి నీరు పోతుందని. ఆ తర్వాత ఇంట్లో వాడే టాల్కం పౌడరే తెప్పించి ఛాంబరు అంచు, చక్రాలను తిప్పే యాక్సిల్ కడ్డీల సీళ్లు, బెల్ హౌసింగ్ అంతటా చల్లారు. కర్నూలు రోడ్డు మీద ఇంజను బాగా వేడెక్కేదాకా తిప్పి తెచ్చాం.

పైకి లేపి చూస్తే ఛాంబరు అంచున పౌడరు చెక్కుచెదరలేదు. ఎడమ యాక్సిల్ దగ్గర నల్లటి మరక చూసి దొరికిందనుకున్నాను. అది చిక్కటి గ్రీజు, యాక్సిల్ జాయింటు మీది రబ్బరు తొడుగు, అంటే బూటు, బీటువారి బయటికి వచ్చినదట. బెల్ హౌసింగ్ మీద మాత్రం పౌడరును తడుపుతూ ఒక సన్నని ఎర్ర చార పైనుంచి దిగింది. దాని వెంట పైకి వెళితే, కూలర్‌కు ఆయిలు తీసుకెళ్లే రబ్బరు పైపు గేర్‌బాక్సుకు తగులుకునే చోటికి చేరాం. క్లాంపు సడలించి పైపు వంచితే అంచంతా సన్నటి పగుళ్లు. ఏళ్లపాటు వేడికి గట్టిపడిపోయింది. ఇంకా అనుమానం మిగిలి ఉంటే ఆయిలులో రంగు కలిపి అతినీలలోహిత టార్చితో చూసేవారట, ఆ అవసరం రాలేదు. రేడియేటరు డబ్బా మూత తీసి అందులో గులాబీ రంగు నురగ లేదని కూడా చూశారు. కొన్ని కార్లలో ఈ కూలర్ రేడియేటరు లోపలే ఉంటుంది, అది పగిలితే రెండు ద్రవాలూ కలిసిపోతాయి.

ఆయిలు వేడికి, ఒత్తిడికి తట్టుకునే పైపే కావాలని, నీళ్ల పైపు ససేమిరా వేయనని ఆయన పట్టుబట్టారు. పక్క దుకాణంలో ఎవరో లీకు ఆపే మందు కలపమన్నారు. పగిలిన రబ్బరుకు మందేమిటని కొట్టిపారేశారు. మట్టం సరిచేయడానికి మాత్రం మర్నాడు పొద్దున్నే రమ్మన్నారు. మా కారు గేర్‌బాక్సుకు కొలత పుల్ల లేదు. కారు సమంగా నిలిపి, ఇంజను నడుస్తుండగా, లీవరును ఒక్కో స్థానంలోకీ మార్చి, ఆయిలు కంపెనీ చెప్పిన వేడికి చేరగానే పక్క బోల్టు విప్పాలి. సన్నని ధార చుక్కలుగా మారితే మట్టం సరిపోయినట్టు. మా కారుకు ఆ వేడి 40 డిగ్రీల దరిదాపుల్లో ఉండాలి. మా జిల్లాలో ఎండాకాలం మధ్యాహ్నం గాలే అంత ఉంటుంది, బోల్టు విప్పేలోపే ఆయిలు ఆ హద్దు దాటిపోతుంది. ఎక్కువ పోసినా తంటానే. నురగ పుట్టి గాలి రంధ్రం గుండా బయటికి తన్నుతుంది, చూసేవాళ్లు మళ్లీ లీకే అనుకుంటారు.

ఇప్పుడు రివర్సు వేస్తే బండి తడబాటు లేకుండా కదులుతోంది. కింది కవరు వెంటనే బిగించకుండా, కొన్నాళ్లు తిరిగాక మరొకసారి లేపి చూశాకే పెట్టారు. పైపు దగ్గర పొడిగా ఉంది. బీటువారిన యాక్సిల్ బూటు మాత్రం వానలు పడేలోపు మార్చుకోమన్నారు, ఆ పగుల్లోంచి బురద నీరు చేరితే యాక్సిల్ జాయింటే పోతుందట.