మదర్‌బోర్డు మార్చకుండానే రైజెన్ 5600 ప్రాసెసర్: నా అనుభవం

పని నిన్న రాత్రే పూర్తయింది, కోపం చల్లారేలోగా రాసేస్తున్నాను. మా భీమవరంలో కంప్యూటర్ షాపుకెళ్లి "గేమ్ ఆగి ఆగి ఆడుతోందండి" అంటే, కేబినెట్ మూత కూడా తియ్యకుండా "బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ మార్చెయ్యాలండి" అన్నారు. మూడూ అక్కర్లేదు. అసలు ఏది అడ్డుపడుతోందో ముందు కొలవాలి.

ఉన్న సరుకు ఇది: రైజెన్ 3 3200జి, బి450 బోర్డు, 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్, హార్డ్ డిస్క్, ఊరూ పేరూ లేని 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కేబినెట్‌లో కరెంటు అందించే పెట్టె). విండోస్‌ని ఎస్‌ఎస్‌డీ మీదకి మార్చడం ఒక సాయంత్రం పని. రెండో 8 జీబీ స్టిక్ కొని, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి 2, 4 స్లాట్లలో పెట్టి, బయోస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే, బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ని దాని అసలు వేగంతో నడిపే సెట్టింగ్, ఆన్ చెయ్యాలి. ఒక స్టిక్‌తో ర్యామ్ దారి సగమే తెరుచుకుంటుంది. 3200జి లోపలి గ్రాఫిక్స్ కూడా ఆ ర్యామ్ మీదే బతుకుతుంది కాబట్టి, గ్రాఫిక్స్ కార్డు కొనకముందే తేడా కనిపిస్తుంది.

ఎస్‌ఎంపీఎస్ మీద 450 అని ఉందని నమ్మకండి. స్టిక్కర్‌లో +12వీ గడి చూడండి. నా దాంట్లో 18 ఆంపియర్లు, అంటే 12 × 18 = 216 వాట్లు. నేను కొనాలనుకున్న గ్రాఫిక్స్ కార్డు ఆర్‌ఎక్స్ 6600 ఒక్కటే 132 వాట్లు లాగుతుంది, ప్రాసెసర్ 65 వాట్ల తరగతిది, ఫ్యాన్లు, డిస్కులు వేరే. చెరువుల్లో ఏరియేటర్లు తిరిగే రాత్రివేళ మా వీధిలో వోల్టేజీ ఎలాగూ జారుతుంది. అందుకని ఇన్‌పుట్ 100–240 వోల్టులు అని రాసున్న 550 వాట్ల బ్రాంజ్ రకం తీసుకున్నాను.

కార్డు ఆర్‌ఎక్స్ 6600. చవకని 6500 ఎక్స్‌టీ జోలికి పోకండి. దానికి నాలుగే పీసీఐఈ లేన్లు (కార్డుకీ ప్రాసెసర్‌కీ మధ్య డేటా నడిచే దారులు), పాత బోర్డులో వేగం బాగా పడిపోతుంది. 6600కి ఎనిమిది ఉన్నాయి, 3200జి ఇచ్చేవీ ఎనిమిదే, సరిపోయింది.

కార్డు పెట్టాక, ఏది ఎంత పనిచేస్తోందో చూపించే ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్‌లో చూస్తే ప్రాసెసర్ 100 శాతం, కార్డు 55 దగ్గర. కార్డు మీద భారం తగ్గేలా రిజల్యూషన్ 1080 నుంచి 720కి దించినా సెకనుకి వచ్చే ఫ్రేములు పెరగలేదు. అంటే అడ్డు కార్డు కాదు, నాలుగే థ్రెడ్‌లున్న (ఒకేసారి నాలుగు పనులే నడిపే) 3200జి. అదే బోర్డులో కూర్చునే రైజెన్ 5600కి పన్నెండు.

ఇక్కడే మొదలైంది అసలు తలనొప్పి. "ఈ బోర్డుకి 5000 సిరీస్ రాదండి" అన్నాడు కౌంటర్‌లో ఆయన. బోర్డు కంపెనీ సైట్‌లో ఉంది కదా అంటే, "యూట్యూబ్ చూసొచ్చి మాకే చెప్తారు" అని పక్కనున్న నలుగురితో కలిసి నవ్వాడు. కొత్త బయోస్ ఎక్కిస్తే చాలు, బోర్డు 5600ని గుర్తుపడుతుంది. ఆ పని చేసిస్తే ఎంత తీసుకుంటాడు? బోర్డు అమ్మితేనే కదా గిట్టుబాటు. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ దాకా పోనక్కర్లేదు, ఇంట్లోనే అవుతుంది.

బోర్డు మీద మోడల్ పేరు పక్కన చిన్నగా రివిజన్ నంబరుంటుంది. అదే పేరుతో రివిజన్ మారితే బయోస్ కూడా వేరు, కాబట్టి అది చూసి, కంపెనీ సైట్‌లో ఆ రివిజన్ పేజీ నుంచే బయోస్ ఫైలు దింపుకోండి. ప్రాసెసర్ల జాబితాలో 5600 ఎదురుగా ఏ వెర్షన్ నుంచి పనిచేస్తుందో ఉంటుంది. కొన్ని బోర్డులకి మధ్యలో ఇంకో వెర్షన్ ముందు ఎక్కించాలని షరతు ఉంటుంది, అది కిందెక్కడో రాస్తారు, చదవాలి. జిప్ విప్పి, ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లో ఫైలు వెయ్యండి. పాత ప్రాసెసర్ ఉండగానే, బయోస్ లోపలి టూల్‌తోనే ఎక్కించాలి. విండోస్‌లో నడిచే టూల్ వద్దు. మధ్యలో కరెంటు పోతే బోర్డు రాయే, యూపీఎస్ లేకుండా ముట్టుకోవద్దు.

ఇంకోటి ఎవరూ చెప్పరు. ముందే బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఆపేసి, 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. ప్రాసెసర్ మార్చగానే నల్ల తెర మీద ఎఫ్‌టీపీఎం (తాళాల కీలు దాచే భాగం) మారింది, వై నొక్కాలా ఎన్ నొక్కాలా అని అడుగుతుంది. వై అంటే పాత తాళాలు చెరిగిపోతాయి. డిస్క్ లాక్ అయి ఉండి కీ లేకపోతే డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే.

పాత కూలర్ లాగే ముందు పది నిమిషాలు గేమ్ ఆడి, కూలర్‌కీ ప్రాసెసర్‌కీ మధ్య రాసిన పేస్ట్ వెచ్చబడనివ్వండి, తర్వాత ఆపి, ప్లగ్ పీకి, కూలర్‌ని అటూ ఇటూ తిప్పి లేపండి. నిలువుగా లాగితే ప్రాసెసర్ కూడా ఊడొచ్చి పిన్నులు వంగుతాయి.

కొత్తది పెట్టాక డిస్‌ప్లే రాకపోతే "బోర్డు పోయింది" అనేవాళ్ల మాట వినకండి. 5600కి లోపల గ్రాఫిక్స్ లేదు. కేబుల్ బోర్డుకుంటే ఏమీ రాదు, కార్డుకే తగిలించాలి. మొదటిసారి ర్యామ్ సర్దుకోడానికి కొంచెంసేపు తెర నల్లగానే ఉంటుంది, వెంటనే స్విచ్ నొక్కెయ్యకండి. ఎక్స్‌ఎంపీ మళ్లీ ఆన్ చెయ్యాలి, బయోస్ మార్చినప్పుడే అది పోయి ఉంటుంది.

ఇప్పుడు కార్డు 97 శాతం దగ్గర పనిచేస్తోంది, ప్రాసెసర్ సగం ఖాళీ. పాత 3200జిని అమ్మలేదు. కార్డు ఎప్పుడైనా వారంటీకి పంపాల్సొస్తే ఆ కొద్దిరోజులూ డిస్‌ప్లే అదే ఇస్తుంది.