పెళ్ళి ప్లానింగు: పంచాంగం, ఎక్సెల్, ఒక క్లిక్కరు

ఏ యాప్ వాడతారని నన్ను అడిగేవాళ్ళకి మొదట పంచాంగం అని చెప్తాను. జోకనుకుంటారు. రాజమండ్రిలో కూర్చుని పెళ్ళిళ్ళు చేయించేవాళ్ళకి ఏడాది జనవరితో మొదలవ్వదండీ. మూఢం ఎప్పుడొచ్చింది, ఆషాఢం ఎప్పుడు పడింది, శ్రావణంలో గట్టి ముహూర్తాలు ఏ తేదీల్లో ఉన్నాయి, ఇవి చూసుకున్నాకే మిగతావన్నీ. గట్టి ముహూర్తం ఉన్న రోజున ఊళ్ళో హాళ్ళు, వంట మేస్త్రులు, సన్నాయి మేళాలు, ఫొటోగ్రాఫర్లు, శాస్త్రిగార్లు అందరూ ఒక్కసారే బుక్కైపోతారు. కడియపులంక మార్కెట్లో పూల ధర కూడా ఆ రోజు చూసుకునే ఎగురుతుంది. ఎక్కడో తయారైన ఈవెంట్ సాఫ్ట్‌వేర్‌కి మూఢం సంగతి ఏం తెలుస్తుంది? అందుకే ఉగాదికి కొత్త పంచాంగం రాగానే ముహూర్తాల తేదీలు గూగుల్ షీట్‌లో ఎక్కించి, గట్టివాటికి ఎరుపు రంగు వేసుకుంటాను. ఎరుపు రోజున వంట మేస్త్రికి ముందే అడ్వాన్స్ వెళ్ళిపోవాలి. మిగతా రోజుల్లో బేరమాడే తీరిక ఉంటుంది.

ట్రెల్లో, ఆసనా లాంటి పనులు పంచుకునే యాప్‌లూ వాడి చూశాను. మా ఆఫీసు పిల్లల వరకూ బాగానే ఉంటాయి. టెంట్‌హౌస్ ఆయన, జనరేటర్ ఆయన, వంట మేస్త్రి వాటిని తెరవరు. వాళ్ళకి వాట్సాపే. మేస్త్రి టైపు చెయ్యడు, వాయిస్ పంపిస్తాడు: "అక్కా, పనసపొట్టుకి చెప్పేశా, ఆవ మీరే చూసుకోండి." ఆ మాట షీట్‌లోకి ఎక్కించడం మా ఆఫీసులో ఒకమ్మాయి పని. గ్రూపులు మాత్రం మూడు విడివిడిగా ఉండాలి: పెళ్ళివారిది, పనివాళ్ళది, మాది. పెళ్ళివారి గ్రూపులోకి డెకరేషన్ వాళ్ళని చేర్చారంటే వియ్యంకుల మధ్య పూల రంగు మీద ఓటింగు మొదలైపోతుంది. షీట్‌కి కూడా అంతే. చూసే హక్కు అందరికీ, మార్చే హక్కు ఇద్దరికి. ఇక పెళ్ళిరోజున వాడేది కాగితమే. ఎవరు ఎన్నింటికి ఎక్కడ ఉండాలో ఒక్క ఏ4 కాగితం మీద ప్రింటు తీసి అందరి జేబుల్లో పెడతాను. మేళం మోగుతుంటే ఫోన్లు వినపడవు, చార్జింగులు ఉండవు.

టైము లెక్క దగ్గర మాత్రం పుస్తకాల చదువు నిజంగా అక్కరకొచ్చింది. అమెరికా నేవీ వాళ్ళు 1958లో పొలారిస్ క్షిపణి పనుల కోసం పెర్ట్ అనే పద్ధతి తయారుచేసుకున్నారు. ప్రతి పనికీ మూడు అంచనాలు అడగాలి: అంతా కలిసొస్తే ఎంతసేపు, మామూలుగా ఎంతసేపు, తిరగబడితే ఎంతసేపు. మామూలు అంచనాని నాలుగుతో గుణించి, మిగతా రెండూ కలిపి, ఆరుతో భాగించాలి. పెళ్ళికూతురి ముస్తాబుకి మేకప్ అమ్మాయి చెప్పే లెక్క చూడండి: కలిసొస్తే రెండు గంటలు, మామూలుగా రెండున్నర, చీర కుచ్చిళ్ళు కుదరకపోతే నాలుగు. కలిపి ఆరుతో భాగిస్తే రెండు గంటల నలభై నిమిషాలు. ముహూర్తం నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రండి. బుట్ట, గౌరీపూజ, ముస్తాబు, మంగళస్నానం. ఇవి ఒకదాని తర్వాత ఒకటే జరగాలి, పక్కపక్కన పెట్టడానికి లేదు. మండపం డెకరేషన్‌కి గంట ఆలస్యమైనా ఇంకో నలుగురిని పెట్టి లాగించొచ్చు. నలుగురు కలిసి ఒకమ్మాయికి జడ వెయ్యలేరు. అందుకే పూలవాడి మీద అరిచే ఓపికంతా నేను ముస్తాబు గది మీద పెడతాను. ఆ గది తలుపు దగ్గర మా మనిషి ఒకరుంటారు, లోపలికెళ్ళి సెల్ఫీలడిగే పిన్నిగార్లని మర్యాదగా ఆపడానికి.

ఇక అసలు సంగతికి వస్తాను. పెళ్ళిళ్ళలో నేను చూసిన గొడవల్లో ఎక్కువ భాగం టైము వల్ల వచ్చినవి కావు. జనం ఒకేసారి ఒకే చోటికి రావడం వల్ల వచ్చినవి. ఈ సంగతి మీద యాప్‌లు పెద్దగా మాట్లాడవు. వాటికి అతిథుల జాబితా కావాలి, వస్తారా రారా అని టిక్కు కావాలి. మన దగ్గర ఆ టిక్కు పెట్టేవాళ్ళెవరండీ? శుభలేఖ చేతిలో పెడితే "తప్పకుండా వస్తాం" అంటారు. రానివాళ్ళూ అదే మాట అంటారు. పెళ్ళికూతురి నాన్నగారిని అడగండి. "ఎంతమంది రావచ్చు బాబాయ్‌గారూ?" "ఓ వెయ్యి వేసుకో అమ్మా. పన్నెండొందలు వేసుకో పోనీ. అయినా మనవాళ్ళ సంగతి నీకు తెలీందేముంది!"

వెయ్యా, పన్నెండొందలా అన్నది వంటకి కావాలి. మేస్త్రి తన లెక్క తను చూసుకుంటాడు, కిలో బియ్యానికి ఎనిమిది నుంచి పది మంది అని. నాకు కావల్సింది వాళ్ళు ఏ గంటలో వస్తారు, ఎంతసేపు ఉంటారు అన్నది. ఎంఐటీలో పనిచేసిన జాన్ లిటిల్ 1961లో రుజువు చేసిన చిన్న సూత్రం ఒకటుంది. ఒక చోట సగటున ఉండే జనం ఎంతంటే, నిమిషానికి వచ్చేవాళ్ళని వాళ్ళు ఉండే నిమిషాలతో గుణించినంత. అంతే. రిసెప్షన్‌కి పదిహేనొందల మంది వస్తారనుకోండి, అందులో సగం ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య దిగుతారు. ఆ గంటలో నిమిషానికి పన్నెండున్నర మంది. ఒక్కొక్కరూ ముప్పావుగంట ఉంటారనుకుంటే, ఎంత రద్దీలోనైనా హాల్లో ఉండేది దాదాపు 560 మంది. 1500 కుర్చీలు ఎందుకు మరి? ఆరువందలు వేసి, మిగతా జాగా నడవడానికి వదిలితే ముసలివాళ్ళు హాయిగా తిరుగుతారు.

ఈ సగం, ముప్పావుగంట అన్న అంకెలు ఎక్కడివని అడగాలి మీరు. గేటు దగ్గర ఒక కుర్రాడికి చేతిలో పట్టే క్లిక్కరు ఇస్తాను. మనిషి లోపలికొస్తే ఒక నొక్కు. పావుగంటకోసారి అంకె రాసుకుంటాడు. కేటరింగ్ వాళ్ళు డబ్బుల కోసం ప్లేట్లు ఎలాగూ లెక్కపెడతారు, ఆ లెక్క పక్కన టైము కూడా రాయమంటాను. ఈ రెండు కాగితాలూ ఎక్సెల్‌లో గీతగా గీస్తే ఆ పెళ్ళి ఏ రకమో తెలిసిపోతుంది. పగటి ముహూర్తమైతే జనం జీలకర్ర బెల్లానికి అరగంట ముందు ముంచుకొస్తారు, తలంబ్రాలు అవుతుండగానే భోజనాల వైపు మళ్ళుతారు. రాత్రి ఒంటిగంటకో రెండింటికో ముహూర్తమైతే ముహూర్తానికి వచ్చేది ఇంటివాళ్ళే. మిగతావాళ్ళు ఎనిమిదింటికి వచ్చి, అక్షింతలు వేసి, తిని వెళ్ళిపోతారు. శుభలేఖలో ముహూర్తం చూసి ఏర్పాట్లు చేసేవాళ్ళు ఇక్కడే తికమకపడతారు. రాత్రి పెళ్ళికి ఇంకోటి కూడా ఉంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదు. డీజే అడిగే పెళ్ళికొడుకు స్నేహితులకి ఈ మాట ముందే, పెద్దవాళ్ళ ఎదురుగానే చెప్పేస్తాను.

భోజనాల దగ్గర ఈ లెక్క ఇంకా కటువుగా ఉంటుంది. బంతికి 240 ఆకులు పడే హాలు అనుకోండి. తినడానికి అరగంట, తీసి తుడిచి మళ్ళీ ఆకులెయ్యడానికి పావుగంట. అంటే గంటకి 320 మంది. తలంబ్రాలు అవ్వగానే తొమ్మిదొందల మంది కదిలితే, నాలుగో బంతి దాకా ఆగే చివరివాళ్ళకి ఆకు దొరికేసరికి రెండుంపావు గంటలు పడుతుంది. అప్పటికి వాళ్ళు కూర్చున్నవాళ్ళ వెనకాల నిలబడి, పెరుగన్నం ఎప్పుడవుతుందా అని వాళ్ళ చేతులకేసి చూస్తుంటారు. తినేవాళ్ళకీ ముద్ద దిగదు. వడ్డించేవాళ్ళని పెంచితే ఇది తీరదు. మొదటి బంతి ముహూర్తానికి ముందే వేయించాలి. ఆఫీసులకి వెళ్ళాల్సినవాళ్ళు, దూరం నుంచి బస్సులో వచ్చినవాళ్ళు ఉంటారు కదా. "ముహూర్తం కాకుండా భోజనాలేంటమ్మా" అనే పెద్దాయన ప్రతి పెళ్ళిలోనూ ఒకాయన ఉంటారు. ఆయన్ని ముందే పట్టుకుని, బస్సులో వచ్చినవాళ్ళ ఆకలి సంగతి చెప్పి ఒప్పించడం నా పనిలో ఒక భాగం.

బఫే పెడితే సరిపోతుందనేవాళ్ళకి ఒక మాట. వరసలో అన్నిటికంటే నెమ్మదిగా కదిలే గిన్నే మొత్తం వరస వేగాన్ని నిర్ణయిస్తుంది. పెనం మీద మూడు నిమిషాలకి నాలుగు దోసెలంటే గంటకి ఎనభై. ఆ దోసెల పెనాన్ని పులిహోర పక్కన వరసలోనే పెడితే, పులిహోర ఒక్కటే చాలనుకున్నవాళ్ళు కూడా గంటకి ఎనభై చొప్పునే కదులుతారు. దాన్ని తీసి దూరంగా మూల పెట్టండి. కావల్సినవాళ్ళు అక్కడికే వెళ్తారు. స్టేజీ మీద ఫొటోలదీ ఇదే కథ. ఒక్కో కుటుంబానికి నలభై సెకన్లు పడితే రెండు గంటల్లో అయ్యేది 180 కుటుంబాలు. చదివింపుల కవరు చేతిలో పట్టుకుని మిగతావాళ్ళు ఎంతసేపని నిలబడతారు? మెట్ల దగ్గరే తర్వాతి కుటుంబాన్ని వరసలో సర్దిపెట్టే మనిషిని ఒకరిని పెడితే నలభై కాస్తా పాతికకి దిగుతుంది. ఫొటోగ్రాఫర్ నా మీద విసుక్కుంటాడు, ఆయ్, విసుక్కోనీ.

తలుపుల సంగతి వేరు. అక్కడ ఇది సౌకర్యం మాట కాదు. జనసమ్మర్దం మీద ఏళ్ళ తరబడి పనిచేసిన జాన్ ఫ్రూయిన్ అన్న అమెరికన్ ఇంజినీరు చెప్పిందేంటంటే, చదరపు మీటరుకి ఏడుగురి దాకా చేరితే ఆ గుంపు నీళ్ళలా కదులుతుంది, లోపలున్న మనిషి ఎంత బలమున్నవాడైనా తన కాళ్ళ మీద తను నిలబడలేడు. 2015 జూలై 14న, గోదావరి పుష్కరాల మొదటి ఉదయం, మా ఊరి పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో ఇరవైమందికి పైగా పోయారు. నదికి ఘాట్లు చాలా ఉన్నాయి, పుష్కరం పన్నెండు రోజులు. అందరికీ ఆ మొదటి రోజు, ఆ ఒక్క ఘాటే కావాలనిపించింది. దానికి ముందు ఏడాదే, 2014లో, జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ జనం గుమిగూడే చోట్ల కోసం ఒక మార్గదర్శి వేసింది. వచ్చే దారి, వెళ్ళే దారి వేరుగా ఉండాలి, ఎంతమంది పడతారో ముందే లెక్కకట్టాలి అన్న మాటలన్నీ అందులో ఉన్నాయి. మళ్ళీ 2027లో పుష్కరాలు. ఈ పనిలో ఉన్నవాళ్ళందరూ ఆ మార్గదర్శి ఒకసారి చదవాలని నా కోరిక. నా వరకూ, భోజనాల హాలు తలుపు ఒక్కసారిగా బార్లా తెరవడం మానిపించాను. ఆకులు వేశాక కుర్చీల వరసల వారీగా పిలుస్తాం, ముందు పెద్దవాళ్ళనీ, చంటిపిల్లల తల్లులనీ.

హాలు చూడ్డానికి వెళ్తే ఓనర్లు ఏసీలు, షాండ్లియర్ చూపిస్తారు. నేను టేపు తీసి తలుపుల వెడల్పు కొలుస్తాను, తిన్నవాళ్ళు బయటికెళ్ళే దారి వేరే ఉందా అని అడుగుతాను. తర్వాత చేతులు కడుక్కునే చోటికి వెళ్ళి కుళాయిలు లెక్కపెడతాను. 240 మంది బంతి ఒక్కసారే లేస్తుంది. ఎనిమిది కుళాయిలుండి మనిషికి పదిహేను సెకన్లు పడితే అందరూ కడుక్కునేసరికి ఏడున్నర నిమిషాలు. నాలుగే ఉంటే పావుగంట. చేతులు కడగనివాళ్ళు దారిలో నిలబడితే తర్వాతి బంతి లోపలికి రాలేదు. అంటే గంటకి 320 అనుకున్న మన లెక్క కుళాయిల దగ్గరే చెడిపోతుంది. నాలుగే ఉన్న హాళ్ళకి టెంట్‌హౌస్ నుంచి కుళాయిలు బిగించిన నీళ్ళ డ్రమ్ములు రెండు తెప్పించి, బయటికెళ్ళే తలుపు అవతల పెట్టిస్తాను. నేల తడుస్తుందని ఓనరు గొణుగుతాడు. గోనెపట్టాలు పరిచి, తుడిచే మనిషి కూలి మా బిల్లులోనే వేస్తాను.