సోలార్ నీళ్ల పెట్టె: బ్యాటరీ తగ్గితే ముందు ఏ పని మానాలి?

మూడు రోజుల ముసురుకే పోయినసారి పెట్టె చచ్చిపోయింది. కుండీలో తేమ చూసి చిన్న పంపు తిప్పే ఈఎస్‌పీ32 అనే వైఫై చిప్ బోర్డు, ఒక 18650 రీఛార్జబుల్ లిథియం సెల్, అరచేయంత సోలార్ ప్యానెల్. సరంజామా ఇంతే. ఎండ లేకపోయినా పది నిమిషాలకోసారి నిద్ర లేచి వైఫైలో రీడింగులు పంపుతూనే ఉంది. గ్రాఫు చక్కగా వచ్చింది. చూరు కింద కుండీలు మాత్రం ఎండిపోయాయి.

తప్పు నాదే. పంపు ఎక్కువ తింటుందనుకున్నాను, కానీ అది తిరిగేది రోజుకు ఇరవై సెకన్లు. వైఫై రోజుకు 144 సార్లు, ప్రతిసారీ నాలుగైదు సెకన్లు. పంపేటప్పుడు చిప్ 240 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతుంది.

ఇప్పుడు మూడు దశలు పెట్టాను. సెల్ 3.9 వోల్టుల పైన ఉంటే అన్నీ మామూలే. దిగితే గంటకోసారి తేమ చూసి, రీడింగులు ఆర్‌టీసీ మెమరీలో (నిద్రలోనూ చెరిగిపోని కాస్త జాగా) దాచుకుని, ఆరు కలిపి ఒకేసారి పంపుతుంది. 3.6 కిందకొస్తే వైఫై బంద్, పంపు ఒక్కటే. 3.3 దగ్గర, సెల్ పాడవకుండా, అదీ ఆగుతుంది.

మొదటి రాత్రే దశలు ఊగిసలాడాయి. వోల్టేజీని వైఫై ఆన్ చేశాక కొలుస్తున్నాను మరి! 3.92 ఉన్న సెల్ ఆ బరువుకు 3.84కి కుంగుతోంది, దశ మారుతోంది. తర్వాతిసారి మళ్లీ పైకి. ఇప్పుడు నిద్ర లేవగానే, వైఫైకి ముందే కొలుస్తున్నాను. కిందికి దిగడానికి 3.9, తిరిగి ఎక్కడానికి 4.0. ఊగిసలాట పోయింది. సెల్ వోల్టేజీని బోర్డు పిన్ నేరుగా కొలవలేదు కాబట్టి, దాన్ని సగం చేయడానికి రెండు 100 కిలో ఓమ్ రెసిస్టర్లు వాడాను. రీడింగు గెంతులేస్తుంటే ఆ పిన్ దగ్గర 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టాక కుదురుకుంది.

డీప్ స్లీప్‌లో (రీడింగుకీ రీడింగుకీ మధ్య గాఢ నిద్రలో) చిప్ వాడేది 10 మైక్రో ఆంపియర్లే అయినా మీటరు మిల్లీ ఆంపియర్లు చూపించింది. బోర్డు మీది ఎర్ర ఎల్‌ఈడీ ఊడబీకాను, కొంత తగ్గింది. మిగతాది రెగ్యులేటర్ (సెల్ వోల్టేజీని చిప్‌కు సరిపడా తగ్గించే భాగం) పని, అది ఇంకా మార్చలేదు.

నాలుగు రోజులుగా ప్యానెల్ మీద అట్టముక్క కప్పి ఉంచాను. నిన్న సాయంత్రం మూడో దశకు దిగింది. అప్పటి నుంచి ఒకటే టెన్షన్: ఊరికే మౌనంగా ఉందా, చచ్చిందా? ఫోన్లో రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే ఇవాళ ఇంకో నాలుగు లైన్లు రాశాను: వైఫై మానేముందు "మూడో దశ, ఇక పలకను" అని ఒక్క మెసేజ్ పంపి పడుకుంటుంది.