భోగి తెల్లవారు రంగుల్లో సంక్రాంతి కార్డులు

గ్రీటింగ్ కార్డు చేయడమంటే రబ్బరు స్టాంపు కొట్టడమే అనుకుంటారు చాలామంది. స్టాంపు పని నిమిషంలో అయిపోతుంది. దాని వెనక ఒక రంగు ఇంకో రంగులోకి గీత కనపడకుండా కలిసిపోతుంది చూడండి, టైమంతా అదే తినేస్తుంది.

పోయిన సంక్రాంతికి చుట్టాలకీ పాత స్నేహితులకీ నేనే కార్డులు చేసి పోస్టులో పంపాలనుకున్నాను. మా చిన్నప్పుడు డిసెంబరు వచ్చిందంటే ఫుట్‌పాత్‌ల మీద కార్డుల కొట్లు వెలిసేవి. న్యూ ఇయర్‌కీ సంక్రాంతికీ కలిపి ఒకటే కార్డు పంపే పొదుపరులు మా ఇంట్లోనే ఉండేవారు. ఇప్పుడు అవే గొబ్బెమ్మలు, అవే ముగ్గులు పదిమంది దగ్గర్నుంచి వాట్సాప్‌లో వస్తున్నాయి.

అనుకున్న బొమ్మ సింపులే. భోగి తెల్లవారుజాము ఆకాశం, కింద నల్లగా చెట్లు, పైన ఒక గాలిపటం, మధ్యలో తెల్లటి అక్షరాల్లో ‘సంక్రాంతి శుభాకాంక్షలు’.

కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే మందం), నున్నటిది తీసుకున్నాను. గరుకు వాటర్‌కలర్ పేపరైతే గుంటల్లోకి రంగు దిగక మచ్చలు పడుతుంది. పల్చటి చార్టు పేపరు రెండు పూతలకే పీచు లేస్తుంది. ఎ4 షీటును సగానికి కోసి, ఆ సగాన్ని మడిస్తే ఒక కార్డు. మడిచే ముందు స్కేలు పెట్టి, రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్నుతో గట్టిగా గీత లాగాలి, లేదంటే మడత దగ్గర కాగితం పగులుతుంది. ఆకాశాన్ని కార్డు మీద నేరుగా పూయలేదు. వేరే ముక్క మీద పూసి అంటించాను, పాడైతే ఆ ముక్కే పోతుంది.

అక్షరాల దగ్గర కాస్త తిరగాల్సి వచ్చింది. ఆన్‌లైన్‌లో క్రాఫ్ట్ స్టాంపులు వెతికితే నాకు కనపడినవన్నీ ఇంగ్లీషులోనే. ఆఫీసు సీళ్లు చేసే రబ్బరు స్టాంపుల షాపు ఉందిగా అని తట్టి, తెల్ల కాగితం మీద నల్ల స్కెచ్ పెన్నుతో నా చేత్తోనే రాసి తీసుకెళ్లాను. షాపాయన తలెత్తకుండానే “రౌండ్ సీలా మేడమ్, పొడుగుదా?” అన్నాడు. కాగితం చూశాక మాత్రం మంచి మాట చెప్పాడు. “ఈ ‘క్రా’లో, ‘క్ష’లో సందులు మరీ ఇరుగ్గా ఉన్నాయండి. ఇంకు నిండి ముద్దయిపోతుంది. కాస్త పెద్దగా, విడివిడిగా రాసుకురండి.” ఒత్తులున్న లిపికి స్టాంపు చేయించాలంటే ఇది మొదట చూసుకోవాల్సిన సంగతి. పొట్టి ఇంగ్లీషు అక్షరాలు పడినంత స్పష్టంగా అదే సైజులో మనవి పడవు.

తెల్ల అక్షరాలు వచ్చే పద్ధతి నాకు అన్నిటికన్నా నచ్చింది. తెల్ల రంగు అసలు వాడం. రంగు పడక ముందే కాగితం మీద టాల్కం పౌడరు పల్చగా రుద్ది దులిపేయాలి. చేతి తడి, జిడ్డు తగిలిన చోట్ల ఎంబాసింగ్ పొడి (వేడికి కరిగి పూతలా మారే పొడి) అంటుకోకుండా ఇది ఆపుతుంది. రంగులేని జిగట ఇంకుతో స్టాంపు వేసి, అది ఆరకముందే పారదర్శకంగా ఉండే ఎంబాసింగ్ పొడి చల్లి, అక్షరాలకి అంటగా మిగిలింది మళ్లీ సీసాలోకి దులుపుకుని, హీట్ గన్‌తో వేడి చేయాలి. పొడి కరిగి గాజు పూతలా మెరుస్తుంది. హెయిర్ డ్రయ్యర్ పనికిరాదు, దాని వేడి చాలదు సరికదా గాలికి పొడి ఎగిరిపోతుంది. ఇక ఆ పూత మీద ఇంకు నిలవదు. పైన ఎన్ని రంగులు పూసినా చివర్లో మెత్తటి పొడిగుడ్డతో తుడిస్తే అక్షరాలు కాగితం తెలుపులోనే బయటపడతాయి. బాతిక్ చీరల్లో రంగు అంటకుండా మైనం చేసే పనే.

ఆకాశానికి మామూలు స్టాంప్ ప్యాడ్ ఇంకు కుదరదు, పడ్డ చోటే పీల్చుకుపోయి అక్కడే ఉండిపోతుంది. డిస్ట్రెస్ ఆక్సైడ్ అనే రకం ఇంకు ప్యాడ్లు తెప్పించుకున్నాను. వీటిలో డై (కాగితంలోకి ఇంకే రంగు), పిగ్మెంటు (కాగితం పైనే నిలిచే రంగు) రెండూ కలిసి ఉంటాయి, మెల్లగా ఆరతాయి కాబట్టి రంగును జరుపుకోవడానికి వీలుంటుంది. ఖరీదెక్కువే, అందుకే నాలుగు రంగులతో సరిపెట్టాను: పసుపు, నారింజ, ముదురు గులాబీ, ఊదా. వరస కూడా ఇదే. పసుపు, ఊదా ఎక్కడా నేరుగా కలవకూడదు, కలిస్తే మట్టి రంగు వస్తుంది. మధ్యలో గులాబీ ఉన్నది అందుకే. రంగుకో బ్రష్షు, మేకప్ బ్రష్షులా గుండ్రంగా కుచ్చుగా ఉండేది.

బ్రష్షును ప్యాడ్ మీద తట్టి తిన్నగా బొమ్మ మీద పెట్టకూడదు. పక్కన రఫ్ కాగితం మీద గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టి, ఆ తిప్పుడు ఆపకుండానే అంచు మీదుగా లోపలికి రావాలి. నేరుగా మధ్యలో ఆన్చితే ఆ మొదటి మచ్చ ఎంత రుద్దినా కనపడుతూనే ఉంటుంది. చెయ్యి తేలిగ్గా ఉండాలి, రంగు చాల్లేదనిపిస్తే ఇంకో పూత వేసుకోవాలి తప్ప నొక్కకూడదు. లేత రంగు ముందు, ముదురు తర్వాత. రెండూ కలిసే చోట మళ్లీ లేత రంగు బ్రష్షుతో వెనక్కి వస్తే గీత చెరిగిపోతుంది. వీడియోల్లో ఇదంతా పది సెకన్లలో అయిపోయినట్టు చూపిస్తారు, ఫాస్ట్ ఫార్వర్డ్ చేసి.

ఊదా మీద తడి వేళ్లతో నీళ్లు చిలకరించి, రెండు క్షణాలాగి టిష్యూతో అద్దితే చుక్కలు తేలిపోయి నక్షత్రాలైపోయాయి. ఈ ఇంకుకి నీళ్లు తగిలితే రంగు అలా పాలిపోతుంది. పూర్తిగా ఆరాకే నల్ల ఇంకుతో చెట్లు వేశాను. దొరికిన స్టాంపు బీచ్‌లో వంగిన కొబ్బరిచెట్టు. కోనసీమ చుట్టాలకి అతికినట్టు సరిపోయింది, తెలంగాణ వాళ్లకి మాత్రం తాటిచెట్టు పెన్నుతో గీయాల్సి వచ్చింది. గాలిపటాన్ని స్కూలు రబ్బరు మీద బ్లేడుతో చెక్కాను, నాలుగు పలకలేగా.

గాలిపటాన్ని ఫోమ్ టేపుతో పైకి లేపి అంటిస్తే చాలా బాగుంటుంది. కానీ పోస్టు లెక్క వేరు. మామూలు ఉత్తరానికి 20 గ్రాముల దాకా 5 రూపాయల స్టాంపు చాలు. 300 జీఎస్ఎం ఎ4లో సగం తొమ్మిదిన్నర గ్రాములు తూగుతుంది, పైన అంటించిన ముక్క మరో ఐదు. దానికి కవరు కలిస్తే 20కి కాస్త ఇటుగా ఆగుతుంది. ఫోము, రిబ్బను కలిపితే ఆ గీత దాటిపోవచ్చు, పైగా ఉబ్బుగా ఉన్న చోట పోస్టాఫీసు ముద్ర గట్టిగా పడుతుంది. అందుకని పోస్టులో వెళ్లేవన్నీ చదునుగానే చేశాను. ఫోమ్ గాలిపటాలు చేత్తో ఇచ్చే ఇరుగుపొరుగు వాళ్లకే.