బొటనవేలు కదిలిన చోట మొదలు

టీఎంఎస్ అంటే డిప్రెషన్ తగ్గడానికి అయస్కాంతంతో మెదడును తట్టే చికిత్స. ఆ కుర్చీలో కూర్చున్నాక డాక్టర్ మొదట చూసేది మొహాన్ని కాదు, కుడిచేతి బొటనవేలిని. చేయి ఒళ్లో వదులుగా పెట్టమంటారు. ఎనిమిది అంకె ఆకారంలో ఉన్న కాయిల్‌ను, అంటే తీగచుట్టను, నెత్తికి ఎడమవైపు ఆనించి ఒక్కో పల్స్ (క్షణకాలపు అయస్కాంత తాకిడి) వదులుతారు. టక్‌మంటుంది, ఏమీ కాదు. కాస్త జరిపి మళ్లీ టక్. అలా జరుపుతూ పోతే ఒకచోట బొటనవేలు దానంతటదే చటుక్కున లోపలికి ముడుచుకుంటుంది. నేను కదపలేదు, అది కదిలింది. పది పల్స్‌లలో ఐదుసార్లు వేలు కదలడానికి ఎంత తక్కువ పవర్ సరిపోతుందో, దాన్నే మోటార్ థ్రెషోల్డ్ అంటారు. నాకు మెషిన్ పవర్‌లో 52 శాతం వచ్చింది. ట్రీట్‌మెంట్ దానికి 120 శాతం, అంటే నా విషయంలో 62. పక్క కుర్చీలో వాళ్లది వేరే అంకె ఉంటుంది. ఇక్కడ తప్పు పడితే తర్వాత నెల రోజులు తిరిగినా ఫలితం అనుమానమే.

డిప్రెషన్ మందులు రెండు రకాలు, ఒక్కోటి పూర్తి డోసులో రెండేసి నెలలు వాడినా తగ్గకపోతేనే నాకు ఇది రాశారు. మందులు ఆపలేదు, వాటితో పాటే చేశారు. మా అమ్మ అడిగిన మొదటి మాట, "నెత్తికి కరెంటు పెడ్తరా బిడ్డా?" ఊళ్లో ఎవరికి చెప్పినా ఇదే అడుగుతారు. పెట్టరు. కాయిల్‌లో కరెంటు క్షణంలో పుట్టి ఆగుతుంది, దాంతో అయస్కాంత క్షేత్రం మారుతుంది, ఆ మార్పు మెదడు పైపొరలో చిన్న కరెంటు పుట్టిస్తుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది. 1985లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథోనీ బార్కర్ బృందం దాన్ని మనిషి మెదడు మీద చేసి చూపింది. డిప్రెషన్‌కు వాడొచ్చని అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2008లో అనుమతిచ్చింది. షాక్ ట్రీట్‌మెంట్ అనే ఈసీటీ వేరు. అందులో మత్తిచ్చి కావాలనే ఫిట్ తెప్పిస్తారు. టీఎంఎస్‌లో మత్తు లేదు, సోయిలోనే ఉంటాం, లేచి బస్సెక్కి ఇంటికి పోతాం.

థ్రెషోల్డ్ తెలిశాక అసలు చోటు చూస్తారు. అది నుదుటి వెనక ఎడమవైపు. పాత పద్ధతిలో బొటనవేలు కదిలిన చోటు నుంచి ముందుకు 5 లేదా 5.5 సెంటీమీటర్లు కొలిచేవాళ్లు. నెత్తి సైజు అందరిదీ ఒకటి కాదు కాబట్టి ఇందులో గురి తప్పొచ్చు. నాకు టేపుతో మూడు కొలతలు తీశారు: ముక్కు మొదలు నుంచి వెనక మెడ పైనున్న ఎముక బొడిపె దాకా, ఈ చెవి నుంచి ఆ చెవి దాకా, నెత్తి చుట్టూ. వాటిని కంప్యూటర్‌లో వేస్తే చోటు వస్తుంది. సన్నటి గుడ్డ టోపీ తొడిగి దాని మీద పెన్నుతో గుర్తు పెట్టారు. ఆ టోపీ మనదే, రోజూ అదే తొడుగుతారు.

ఆడవాళ్లు జాగ్రత్తగా చూసుకోవాల్సింది ఇక్కడే. నూనె పెట్టుకుని పోతే టోపీ జారుతుంది. జడ ఎత్తుగా వేసుకుంటే వెనక నుంచి టోపీని పైకి తోస్తుంది. రెండో వారంలో నాకు ట్రీట్‌మెంట్ నడుస్తుండగా కుడిచేతి వేళ్లు కదిలాయి. కాయిల్ సరైన చోట ఉంటే చేయి కదలకూడదు. కదిలిందంటే కాయిల్ వెనక్కి, చేతిని నడిపే భాగం మీదికి జారిందని అర్థం. టెక్నీషియన్ చూసుకోలేదు, నేను చెప్పాకే ఆపి మళ్లీ పెట్టాడు. అప్పటికి ఎన్ని రోజులు అలా నడిచిందో ఎవరికీ తెలియదు. అందుకే ముందు రాత్రే తలస్నానం చేసి, పొద్దున నూనె లేకుండా కింద వదులు జడ వేసుకుని పోవాలి. టోపీ అంచు కనుబొమ్మకు ఎన్ని వేళ్ల దూరంలో ఉందో మొదటి రోజే చూసి పెట్టుకోవాలి. నాకు రెండు వేళ్లు. ఆ తర్వాత రోజూ అద్దంలో చూసుకునేదాన్ని.

నాకు చేసింది పాత, బాగా వాడుకలో ఉన్న లెక్క. సెకనుకు 10 పల్స్‌ల చొప్పున 4 సెకన్లు కొట్టి 26 సెకన్లు ఆగుతుంది. ఒక విడతకు 40, అట్లాంటివి 75 విడతలు, మొత్తం 3,000. సిట్టింగ్ 37 నిమిషాల 30 సెకన్లు. తీటా బరస్ట్ అనే పొట్టి పద్ధతిలో 600 పల్స్‌లే, మూడు నిమిషాల పైచిలుకు. అది నాకు చేసిన సెకనుకు 10 పల్స్‌ల (10 హెర్ట్జ్) పద్ధతికి తీసిపోదని 2018లో కెనడాలో జరిగిన పెద్ద ట్రయల్ తేల్చింది. కాబట్టి మూడు నిమిషాల్లో లేపితే మోసపోయామని అనుకోనక్కర్లేదు, ఏ పద్ధతి అని అడిగితే చాలు.

నొప్పి ఉంటుంది. రేకు మీద గింజలు పోస్తే కోడి పొడిచినట్టు నెత్తి మీద టకటకా పడుతుంది. మొదటి రోజు ఎడమ కన్ను కొట్టుకుంది, కింది పళ్లు పై పళ్లకు తగిలాయి. ఇది ఓర్చుకోవాల్సిన విషయం కాదు, చెప్పాల్సిన విషయం. చోటు మారకుండా కాయిల్ వంపు కొద్దిగా మారిస్తే పళ్లు కొట్టుకోవడం తగ్గింది. పవర్ కూడా మొదటి రోజే 120కి తీసుకుపోకుండా వారంలో మెల్లగా పెంచారు. తలనొప్పికి డాక్టర్‌ను అడిగి పారాసిటమాల్ వేసుకున్నాను, రెండో వారం నుంచి అవసరం పడలేదు. చెవుల్లో ప్లగ్‌లు తప్పనిసరి. శబ్దం చిన్నగా అనిపించినా వినికిడికి దెబ్బ. కమ్మలు, ముక్కుపుడక, హెయిర్‌పిన్నులు తీసెయ్యాలి. ఫోన్, ఏటీఎం కార్డు దూరంగా పెట్టాలి. మధ్యలో కునుకు తీయొద్దు, నెత్తి వాలితే కాయిల్ చోటు తప్పుతుంది.

వినికిడి కోసం చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్, మెదడులో ఇనుప క్లిప్ ఉన్నవాళ్లకు ఇది చేయరు. పేస్‌మేకర్ ఉన్నా, ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉన్నా ముందే చెప్పాలి. పళ్లలో ఫిల్లింగ్ ఉంటే పర్వాలేదు. ఫిట్ వచ్చే ప్రమాదం వెయ్యి మందిలో ఒకరికన్నా తక్కువే, కానీ దాన్ని పెంచేవి మన చేతుల్లోనే ఉన్నాయి: నిద్ర చెడగొట్టుకోవడం, తాగుడు ఒక్కసారిగా ఆపడం, ట్రమడాల్ (నొప్పి మందు), బుప్రోపియాన్ (డిప్రెషన్ మందు) లాంటివి.

మన దగ్గర కల్లు సంగతి దాచొద్దు. కల్లులో అల్ప్రాజోలం, డైజెపామ్ అనే మత్తు మందులు కలపడం తెలంగాణలో ఎన్నోసార్లు బయటపడింది. అలాంటి కల్లు రోజూ తాగేవాళ్లు ఉన్నట్టుండి మానేస్తే టీఎంఎస్ లేకుండానే ఫిట్స్ వస్తాయి. రోజుకు ఎన్ని సీసాలో సిగ్గుపడకుండా డాక్టర్‌కు చెప్పాలి.

నేను పరకాల నుంచి హనుమకొండకు వారానికి ఐదు రోజులు తిరిగాను. సమ్మక్క జాతర వారంలో బస్సులన్నీ మేడారం వైపే, రెండు సిట్టింగులు పోయాయి. ఆ రెండూ చివర కలిపారు, నష్టమేం కాలేదు. జాతర నుంచి రాత్రంతా మేలుకుని తెల్లారి నేరుగా కుర్చీలో కూర్చోవడం మాత్రం ప్రమాదం. నిద్ర లేదని చెబితే ఆ రోజు వాయిదా వేస్తారు. మందు మారినా, డోసు మారినా థ్రెషోల్డ్ మళ్లీ చూడాలి. మా సెంటర్‌లో మూడో వారం నేను అడిగేదాకా చూడలేదు, అది నాకు ఇప్పటికీ బాధే.

ప్రతి శనివారం పీహెచ్‌క్యూ-9 కాగితం నింపేదాన్ని, డిప్రెషన్ ఎంతుందో కొలిచే తొమ్మిది ప్రశ్నలవి. అందులో 27 వస్తే అన్నిటికన్నా ఎక్కువ. మొదట నాది 21. రెండు వారాలకు 20, మూడో వారానికి 19. చాలామంది ఇక్కడే మానేస్తారు, నాకూ అదే అనిపించింది. నాలుగో వారంలో ఒక సాయంత్రం బస్సు కిటికీ కింద ఉడకబెట్టిన పల్లీల వాసన వచ్చి ఆకలేసింది. నెలల తర్వాత ఆకలి. ఆ రాత్రి మా ఆడబిడ్డ అంది, "వదినా, ఇయ్యాల నువ్వే ముందుగాల మాట్లాడినవ్." ఆ శనివారం 14, ముప్పై సిట్టింగులు అయ్యేసరికి 7. తర్వాత వారానికి మూడు, రెండు, ఒకటి చొప్పున మూడు వారాల్లో ఇంకో ఆరు చేసి ముగించారు.

అందరికీ ఇలా కాదు. మందులకు లొంగని వాళ్లలో దాదాపు సగం మందికి గుణం కనిపిస్తుంది, మూడో వంతు మందికి లక్షణాలు దాదాపు పూర్తిగా పోతాయి. కొందరికి నెలల తర్వాత తిరగబెడుతుంది, అప్పుడు మళ్లీ చేయొచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచనలు గట్టిగా ఉన్నవాళ్లు మాత్రం ఆరు వారాలు దీన్నే నమ్ముకుని కూర్చోకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబర్ రాత్రీ పగలూ తెలుగులో పలుకుతుంది. వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి, అలాంటప్పుడు ఈసీటీ త్వరగా పనిచేస్తుంది.

చివరి రోజు ఒక కాగితం అడిగి తీసుకోవాలి: థ్రెషోల్డ్ ఎంత, ఏ పద్ధతి, ఎన్ని పల్స్‌లు, మూడు టేపు కొలతలు, ఎన్ని సిట్టింగులు. రేపు ఇంకో ఊళ్లో చేయించుకోవాల్సి వచ్చినా డాక్టర్ మొదట అడిగేది అదే. నాది బీరువాలో, ఆధార్ కార్డు ఉన్న కవర్‌లో ఉంది. టోపీ కూడా దాంతోనే మడతపెట్టాను, పెన్ను గుర్తు ఇంకా చెరగలేదు.